ఎత్తు పెంచిన జీపులో స్టీరింగ్ వణుకు: కారణం కనిపెట్టే పద్ధతి

కాలువ గట్ల మీద, రొయ్యల చెరువుల బాటల మీద, వరద తీశాక లంక పొలాల్లోకి దిగే దారుల్లో మామూలు కారు అడుగు నేలకు తగులుతుంది. అందుకే గోదావరి డెల్టాలో జిప్సీలకూ, పాత మహీంద్రా జీపులకూ, థార్లకూ, జిమ్నీలకూ రెండు మూడు అంగుళాల ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించుకునేవారు చాలామంది ఉన్నారు. ఎత్తు పెంచిన కొన్నాళ్లకు వారిలో ఎక్కువమంది చెప్పే బాధ కూడా ఒకటే. ఊళ్లో తిరిగినంతసేపూ బండి బాగానే ఉంటుంది. జాతీయ రహదారి ఎక్కి, రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీదో, సిద్ధాంతం దగ్గర వశిష్ట వంతెన మీదో శ్లాబుల మధ్య అతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది, స్టీరింగ్ చేతిలో నిలవదు, వేగం బాగా తగ్గేదాకా ఆ ఊపు ఆగదు.

ఈ స్థితిలో షెడ్డుకు వెళితే చాలాచోట్ల మొదట చెప్పే మందు స్టీరింగ్ డాంపర్ (రోడ్డు దెబ్బలను మెత్తబరిచే షాక్ అబ్జార్బర్ లాంటి భాగం) మార్చడం. కొత్త డాంపర్ వేశాక కొన్ని వారాలు వణుకు కనబడదు, ఆ తరవాత మునుపటికంటే గట్టిగా తిరిగి వస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఒక విషయం మనసులో పెట్టుకోవాలి: ఊపును మొదలుపెట్టేది ఒకటి, దాన్ని ఆగకుండా సాగనిచ్చేది మరొకటి. మొదలుపెట్టేది రోడ్డు మీది అతుకు కావచ్చు, బ్యాలెన్స్ తప్పిన టైరు కావచ్చు. సాగనిచ్చేవి మాత్రం స్టీరింగ్ కీళ్లలో, కింగ్‌పిన్నుల్లో (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన ఇరుసులు), బుష్‌లలో (కీళ్ల లోపలి తొడుగులు) పేరుకున్న వదులు, ఎత్తు పెంచడం వల్ల తగ్గిపోయిన కేస్టర్ కోణం (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం). 31 అంగుళాల టైరు గంటకు 70 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. ఆ టైరులో ఒకవైపు బరువు ఎక్కువైతే స్టీరింగుకు సెకనుకు ఎనిమిది దెబ్బలు పడుతున్నట్టే. కీళ్లన్నీ బిగువుగా ఉన్న బండి ఆ దెబ్బలను మింగేస్తుంది; వదులుగా ఉన్న బండి ఆ తాళానికి ఊగడం మొదలుపెడుతుంది. పైగా టైరు ఎంత బరువైతే ఆ ఊపు అంత తక్కువ వేగంలోనే పట్టుకుంటుంది కాబట్టి, కంపెనీ టైర్లతో ఎన్నడూ బయటపడని వదులు పెద్ద టైర్లు వేయగానే బయటపడుతుంది.

పరీక్షల్లోకి వెళ్లేముందు భద్రత గురించి చెప్పాలి. ఊపు మొదలైనప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. బరువంతా ముందుకు వచ్చి ఊపు పెరగవచ్చు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్‌ను రెండు చేతులతో నిబ్బరంగా పట్టుకుని, దాన్ని ఎదిరించి తిప్పే ప్రయత్నం చేయకుండా, వేగం తనంతట తాను తగ్గేదాకా నేరుగా పోనివ్వాలి. బొటనవేళ్లు చక్రం చువ్వల లోపలికి పెట్టకూడదు. ఇంకో మాట, ఊపు ఉందా లేదా అని చూడడానికి కాలువ గట్టు రోడ్లను ఎంచుకోకండి. ఒకవైపు నిండు కాలువ, ఇంకోవైపు పల్లంలో వరిచేను ఉన్న రోడ్డు మీద బండి తప్పుకోవడానికి చోటుండదు.

ముందుగా ఊగు ఏ రకమో తేల్చుకోవాలి

బండి మీద చెయ్యి వేసేముందు అది ఎప్పుడు, ఎలా వణుకుతుందో రాసిపెట్టుకోవాలి. నునుపైన రోడ్డు మీద 50, 60 కిలోమీటర్ల దగ్గర మెల్లగా మొదలై, 80 దాటాక తగ్గిపోయే వణుకు సాధారణంగా టైర్లదీ రిమ్ములదీ. గతుకు తగిలినప్పుడే ఒక్కసారిగా పుట్టి, బండి మొత్తాన్ని కుదిపి, 30కి దిగేదాకా వదలనిది కీళ్ల వదులు, కేస్టర్ లోపం కలిసి చేసే పని. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే బ్రేకు డిస్కునో డ్రమ్మునో చూడాలి. గతుకు తగలగానే బండి ఒకసారి పక్కకు లాగి మళ్లీ దారిలోకి వస్తే అది వణుకు కాదు. ఎత్తు పెంచాక డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ కదలికను చక్రాల వైపు తీసుకెళ్లే రాడ్) బాగా ఏటవాలుగా నిలవడం వల్ల, స్ప్రింగు పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ ఆ లింక్ చక్రాలను తిప్పుతోందని అర్థం. ఈ చివరిదాన్ని వణుకుగా పొరబడి టై రాడ్ ఎండ్లన్నీ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్ కొసల్లోని కీళ్లు) మార్పించుకునేవారు ఉన్నారు. డబ్బు పోతుంది, బండి అలాగే ఉంటుంది.

మట్టి, టైర్లు, రిమ్ములు

మన ప్రాంతంలో మొదటి పరీక్షకు కావలసింది నీళ్ల పైపు మాత్రమే. డెల్టా ఒండ్రుమట్టి జిగట మట్టి. పొలం బాటలో దిగివచ్చిన బండి బయటికి శుభ్రంగా కనిపించినా, రిమ్ము లోపలివైపు, బ్రేకు డ్రమ్ముకు వెనకగా, అరచేతి మందాన మట్టి పట్టుకుని ఉంటుంది. అది ఒకచోటే ఎండి గట్టిపడితే చక్రానికి ఆ వైపు కొన్ని వందల గ్రాముల బరువు అంటించినట్టే. బ్యాలెన్సింగ్ చేయించిన టైరు కూడా అప్పుడు రహదారి మీద వణుకుతుంది. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ రిమ్ము లోపలి అంచు పూర్తిగా కడగాలి, ఎండిన మట్టిని చెక్కముక్కతో గీకి తీయాలి. కడిగాక లోపలి అంచును చేత్తో తడిమి చూస్తే ఒక్కోచోట వేలు మందాన, నలుచదరంగా, చుట్టూ ఉన్న మురికి మధ్య మెరిసే శుభ్రమైన గుర్తు కనిపిస్తుంది. అక్కడ ఉండవలసిన బ్యాలెన్సింగ్ సీసం మట్టి లాగడంతో ఊడిపోయిందన్నమాట. అలాంటి గుర్తు ఒక్కటి కనిపించినా ఆ చక్రాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. పెద్ద మడ్ టైర్లకు రిమ్ము బయటి అంచునే సీసం పెట్టి పంపితే సరిపోదు. లోపలా బయటా రెండు అంచులా పెట్టమని అడగాలి.

తరవాత గాలి. బురదలో దిగడానికి గాలి తగ్గించినవారు రోడ్డెక్కాక తిరిగి పట్టడం మరిచిపోతారు. నాలుగు టైర్లలోనూ చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి, ముందు రెండింటిలో సమానంగా ఉండేలా చూడాలి.

రిమ్ము వంకరను చూడాలంటే, బండి ముందు యాక్సిల్‌ను జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, రిమ్ము అంచుకు దాదాపు ఆనేలా ఒక ఇటుక మీద స్క్రూడ్రైవర్ నిలిపి, చక్రాన్ని మెల్లగా తిప్పాలి. స్క్రూడ్రైవర్ మొనకూ రిమ్ముకూ మధ్య సందు తిరుగుతున్నకొద్దీ పెరిగి తగ్గితే రిమ్ము వంగింది. అదే మొనను టైరు పట్టీ దగ్గర పెట్టి చూస్తే టైరు గుండ్రంగా ఉందో లేదో తెలుస్తుంది. నెలల తరబడి షెడ్డులో ఒకేచోట నిలబెట్టిన బండి టైర్లలో నేలను ఆనుకున్న భాగం చదునై ఉండవచ్చు. వెడల్పు కోసం వేసిన వీల్ స్పేసర్లు, మధ్య రంధ్రం హబ్బుకంటే పెద్దగా ఉన్న అలాయ్ చక్రాలు కూడా చక్రాన్ని నడిమధ్య నిలవనివ్వవు. అలాంటివి ఉంటే తీసేసి కంపెనీ చక్రాలతో ఒకసారి నడిపి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం ఉంటే ముందు చక్రాలను వెనక్కీ వెనక చక్రాలను ముందుకీ మార్చి అదే రోడ్డు మీద అదే వేగంలో నడపాలి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి వస్తే తప్పు టైర్లలోనే ఉంది. ఖర్చు లేని పరీక్షల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. ఏమీ మారకపోతే అప్పుడు కింద పడుకోవాలి.

స్టీరింగ్ తిప్పిస్తూ కింద నుంచి చూడాల్సినవి

ఈ పరీక్షకు ఇద్దరు కావాలి. బండి నాలుగు చక్రాల మీద నేలపైనే ఉండాలి. జాకీ ఎత్తితే చక్రాలు తేలికగా తిరిగి వదులు దాక్కుంటుంది. స్టీరింగ్ డాంపర్ ఒక కొసను విప్పేయాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజను ఆన్‌లో ఉంచి, గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను గడియారంలో 11 నుంచి 1 దాకా, అంతకు మించకుండా, ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. రెండోవారు కింద పడుకుని స్టీరింగ్ బాక్స్ దగ్గర మొదలుపెట్టి చక్రాల దాకా కదలిక ఎలా ప్రయాణిస్తోందో ఒక్కో కీలు దగ్గరా ఆగి చూడాలి. తొందరపడితే ఈ పరీక్ష వల్ల ఏమీ తెలియదు.

మొదటి చోటు స్టీరింగ్ బాక్స్ చాసిస్‌కు బిగించిన బోల్టులు. బాక్స్ గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ బాక్స్ అంచుకూ చాసిస్‌కూ మీద పడేలా వేలు పెట్టి ఉంచితే, పైన స్టీరింగ్ తిరిగిన ప్రతిసారీ వేలి కింద వెంట్రుకవాసి కదలిక తెలుస్తుంది. బోల్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉన్నా, పెయింటు లేచి మెరిసే రుద్దుడు గుర్తు ఉన్నా అక్కడ కదలిక ఉన్నట్టే. బోల్టులు బిగించాక కూడా కదిలితే చాసిస్ రేకును బాగా కడిగి, బాక్స్ చుట్టూ పగులు ఉందేమో లైటు వేసి వెతకాలి. పెద్ద టైర్ల బరువు మోసే పాత జీపుల్లో ఆ చోట పగుళ్లు రావడం అరుదు కాదు. పగులు కనబడితే అది వెల్డింగుతో, పైన పట్టీ వేసి బలపరచడంతో సరిచేయవలసిన పని. అది పూర్తయ్యేదాకా బండిని రహదారి ఎక్కించకూడదు.

తరవాత పిట్‌మన్ ఆర్మ్, అంటే స్టీరింగ్ బాక్స్ షాఫ్టుకు బిగించి డ్రాగ్ లింక్‌ను కదిపే చెయ్యి. ఆర్మ్ సెక్టార్ షాఫ్టు మీద తిరగకుండా, షాఫ్టుతో కలిసే కదలాలి. ఎత్తు పెంచినప్పుడు డ్రాగ్ లింక్ ఏటవాలు తగ్గించడానికి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేసి ఉంటే, దాని టేపరు రంధ్రంలో టై రాడ్ ఎండ్ పూర్తిగా కూర్చుందో లేదో, కాటర్ పిన్ ఉందో లేదో చూడాలి. స్టీరింగ్ బాక్స్ లోపలి వదులును తేల్చడానికి చక్రాలు నేరుగా ఉంచి స్టీరింగ్ అంచు దగ్గర కొలవాలి. ముందు చక్రాలు కదలకుండా స్టీరింగ్ సుమారు 30 మిల్లీమీటర్లు దాటి తిరుగుతోంటే, మిగతా కీళ్లన్నీ బిగువుగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే బాక్స్ పైని అడ్జస్టింగ్ స్క్రూ జోలికి వెళ్లాలి. దాన్ని ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. వణుకు తగ్గినట్టనిపించి కొత్త ప్రమాదం వచ్చిపడుతుంది. బెల్ క్రాంకు (డ్రాగ్ లింక్ కదలికను టై రాడ్లకు మళ్లించే మధ్య కీలు) ఉన్న పాత జీపుల్లో దాని పిన్నూ బుష్షూ అరిగితే ముందు భాగమంతా అరిగినట్టే ప్రవర్తిస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగి చూడాలి.

డ్రాగ్ లింక్ కొసలు, టై రాడ్ కొసలు ఒక్కొక్కదాన్ని చూసేటప్పుడు కంటితోపాటు చేతిని కూడా నమ్మాలి. కీలు మీద అరచెయ్యి వేసి, సగం రాడ్ మీదా సగం నకిల్ (చక్రంతో కలిసి తిరిగే యాక్సిల్ కొస భాగం) ఆర్మ్ మీదా ఆనేలా ఉంచాలి. మంచి కీలు అయితే రెండూ ఒకేసారి కదులుతాయి. అరిగిన కీలు అయితే రాడ్ ముందు కదిలి, ఆర్మ్ ఒక క్షణం తరవాత కదులుతుంది. ఆ మధ్యలో అరచేతికి చిన్న టిక్కు తగులుతుంది. రబ్బరు బూటు ఒక పక్క నొక్కుకుపోయి, బాల్ పిన్ పైకి లేచి దిగుతూ దాని మెడ దగ్గర గ్రీజు గీత కనబడుతూ మాయమవుతూ ఉంటే ఆ టై రాడ్ ఎండ్ పని అయిపోయింది. బూటు చిరిగి లోపల మట్టి చేరినదాన్ని, ఇప్పటికి వదులు లేకపోయినా, ఉంచకపోవడమే మంచిది. మన బురదలో అది ఎక్కువకాలం నిలవదు.

జిమ్నీ, జీప్ ర్యాంగ్లర్ వంటి కాయిల్ స్ప్రింగుల రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండ్లలో ఇంకో రాడ్ ఉంటుంది. యాక్సిల్ పక్కకు జరగకుండా చాసిస్‌కు కట్టి ఉంచే ల్యాటరల్ రాడ్ అది. ఈ తరహా బండ్లలో గతుకుకు పుట్టే వణుకుకు నేను మొదట అనుమానించేది దీన్నే. స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు చాసిస్‌కు సంబంధించి యాక్సిల్ పక్కకు జరిగితే ఈ రాడ్ బుష్‌లో కానీ, బోల్టు రంధ్రంలో కానీ తేడా ఉంది. బోల్టు వదులై కొంతకాలం నడిచిన బండిలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోతుంది. ఆ తరవాత బోల్టు ఎంత బిగించినా ప్రయోజనం లేదు. సరైన కొలత రంధ్రం ఉన్న మందపాటి ప్లేటును వెల్డింగు చేయించడమో, లేత్ షాపులో రంధ్రం సరిచేయించి బుష్ వేయించడమో చేయాలి. రాడ్ బోల్టులను చివరి బిగింపు బండి తన బరువు మీద నేలపై నిలబడి ఉన్నప్పుడే చేయాలి, లేకపోతే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. ఎత్తు పెంచినప్పుడు ఈ రాడ్ పొడవు మారదు కాబట్టి యాక్సిల్ ఒక పక్కకు జరిగిపోతుంది. పొడవు సరిచేసుకునే రాడ్ వేస్తే యాక్సిల్ నడిమధ్యకు వస్తుంది.

జాకీ ఎత్తి చూడాల్సినవి

ఒక్కో ముందు చక్రాన్నీ జాకీ మీద ఎత్తి, యాక్సిల్ కింద స్టాండు పెట్టాలి. టైరును పైనా కిందా, అంటే 12, 6 అంకెల చోట పట్టుకుని ఒకటి లాగుతూ ఒకటి నెట్టాలి. కదలిక ఉంటే అది హబ్ బేరింగుదైనా కావచ్చు, కింగ్‌పిన్నుదైనా కావచ్చు. రెండింటినీ వేరుచేయడానికి లోపల ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనాలి. బ్రేకు తొక్కగానే కదలిక మాయమైతే హబ్ బేరింగు వదులు. తొక్కినా అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగులు, లేదా బాల్ జాయింట్లు ఉన్న బండి అయితే బాల్ జాయింట్లు. 3, 9 అంకెల చోట పట్టుకున్నప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ల వైపు మళ్లీ వెళ్లాలి.

హబ్ విప్పినప్పుడు గ్రీజు రంగు చూడండి. కాలువ దాటిన బండ్లలో, వరద నీటిలో నిలిచిన బండ్లలో హబ్బులోకి నీళ్లు చేరి గ్రీజు పాలిపోయి తెల్లబడుతుంది. అలాంటి బేరింగును నట్టు బిగించి వదిలేస్తే కొద్దిరోజుల్లో మళ్లీ వదులవుతుంది. కడిగి, ట్రాకు మీద గుంటలు లేకపోతే కొత్త గ్రీజు, కొత్త సీలు వేయాలి, గుంటలుంటే బేరింగే మార్చాలి. భీమవరం, నరసాపురం వైపు ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు, అంతర్వేది తీరానికి వెళ్లి వచ్చే బండ్లకు ఈ తనిఖీ మరింత తరచుగా కావాలి, ఎందుకంటే ఉప్పు నీరు మంచినీటికంటే త్వరగా ఇనుమును తింటుంది.

కింగ్‌పిన్నులు చాలామంది చూడకుండా వదిలేసే చోటు. జిప్సీలోనూ, గుండ్రటి నకిల్ ఉన్న పాత మహీంద్రా జీపుల్లోనూ నకిల్ పైనా కిందా రెండు టేపరు బేరింగుల మధ్య తిరుగుతుంది. ఆ బేరింగుల మీద కొంత ముందస్తు బిగువు ఉండాలి. ఆ బిగువే చక్రం ఇష్టమొచ్చినట్టు ఊగకుండా సహజంగా అదుపు చేస్తుంది. టై రాడ్‌ను నకిల్ నుంచి విప్పి, నకిల్ సీలును పక్కకు తీసి, టై రాడ్ రంధ్రానికి స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి లాగి, నకిల్ కదలడం మొదలైన చోట త్రాసు ఎంత చూపిందో మీ బండి సర్వీసు మాన్యువల్లోని అంకెతో పోల్చాలి. వేలితో తోస్తే నకిల్ అటూ ఇటూ తేలికగా వాలిపోతోంటే త్రాసు కూడా అక్కర్లేదు, బిగువు పోయింది. బేరింగులు బాగుంటే మూతల కింద ఉన్న షిమ్ములు (సందు సర్దే పలుచని లోహపు రేకులు) కొన్ని తీసి బిగువు తేవచ్చు; ట్రాకు మీద రోలర్ల గీతలు పడి ఉంటే బేరింగుల జత మార్చాలి. టైర్లు, టై రాడ్లు, డాంపర్ అన్నీ మార్చినా వణుకు పోని జిప్సీ మీ దగ్గరకు వస్తే ముందు ఇక్కడ చూడండి.

కమాన్లు, బుష్‌లు, యూ బోల్టులు

కమాను కట్టలున్న బండ్లలో యాక్సిల్‌ను నిలబెట్టేవి ఆ కమాన్లే. షేకిల్ (కమాను కొసను చాసిస్‌కు కలిపే ఊగే పట్టీ) పిన్నులు, కమాను కంటి బుష్‌లు అరిగితే యాక్సిల్ మొత్తం మెలిపడుతుంది. స్టీరింగ్ తిప్పే పరీక్షలోనే షేకిల్ పక్కకు ఊగుతోందేమో గమనించాలి, రాడ్డుతో మెల్లగా ఎత్తి చూడాలి. సెంటర్ బోల్టు తెగి ఉంటే యాక్సిల్ ఒకవైపు వెనక్కి జరుగుతుంది. దీన్ని టేపుతో పట్టుకోవచ్చు: కమాను కదలని కొస కంటి బోల్టు నుంచి యాక్సిల్ మధ్యకు రెండు పక్కలా కొలిస్తే ఒకే దూరం రావాలి. యూ బోల్టుల నట్లు సమానంగా బిగించి ఉండాలి, మర పోయినవాటినీ తుప్పు తిన్నవాటినీ తిరిగి వాడకూడదు.

కేస్టర్, టో

పై వదులంతా పోగొట్టాకే కోణాల దగ్గరకు రావాలి. వదులు ఉన్న బండిలో కొలిచిన కోణం నిలబడదు.

కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండే కోణమే కేస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలు వల్ల చేతులు వదిలినా సైకిలు నేరుగా పోయినట్టే, ఈ వాలు వల్ల జీపు చక్రాలు నేరుగా నిలబడతాయి. పాత కమాన్ల జీపులకు కంపెనీ ఇచ్చిన కేస్టర్ సుమారు 3 డిగ్రీలే. కోల్పోవడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు కొసన షేకిల్ ఉన్న జీపులో ఎత్తు కోసం పొడవాటి షేకిళ్లు వేస్తే కమాను ముందు కొస కిందికి దిగి, యాక్సిల్ ముందుకు తిరిగి, ఆ మూడు డిగ్రీలలో చాలా భాగం పోతుంది. చవకగా ఎత్తు పెంచే పద్ధతుల్లో ఇది ఒకటి. ముందు కమాన్లకు దీన్ని నేను సిఫారసు చేయను. జిమ్నీలో కాయిల్ పొడవు పెంచినప్పుడు కూడా, యాక్సిల్‌ను పట్టి ఉంచే ఆర్ములు కిందికి వాలి అదే ఫలితం వస్తుంది. దానికి కేస్టర్ సరిచేసే బుష్‌లు దొరుకుతాయి.

ఇంటి దగ్గర అంచనా కొలత కోసం చదునైన నేల కావాలి. రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉంటాయి, మట్టి నేల దిగబడుతుంది. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం దీనికి బాగా సరిపోతుంది. బండిని కళ్లం మీద నిలబెట్టి, కింగ్‌పిన్ పై మూత చదునైన భాగాన్ని తుడిచి, దాని మీద కోణమానినో, ఫోన్లోని లెవెల్‌నో బండి పొడవు దిశలో పెట్టి రెండు పక్కలా చూడాలి. మూత చదును కింగ్‌పిన్నుకు లంబంగా ఉన్న బండ్లలో ఆ వాలే కేస్టర్. మూత వెనకవైపుకు పల్లంగా ఉండాలి. సమానంగా కానీ, ముందువైపుకు కానీ ఉంటే వణుకుకు ఒక కారణం దొరికినట్టే. కచ్చితమైన అంకె కోసం ఎలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి, కానీ అక్కడ రిజిడ్ యాక్సిల్ బండికి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే తేడా) మాత్రమే సరిచేసి పంపుతారు. కేస్టర్ మార్చడానికి వారి దగ్గర స్క్రూ ఏదీ ఉండదు. అందుకని ప్రింటు తీసుకుని కేస్టర్ అంకె మీరే చదువుకోవాలి.

తగ్గిన కేస్టర్‌ను కమాన్ల బండిలో టేపరు షిమ్ములతో తిరిగి తేవచ్చు. యాక్సిల్ కమాను మీద కూర్చుని ఉంటే షిమ్ము మందపు వైపు ముందుకు ఉండాలి. ఎత్తు కోసం కమాన్లను యాక్సిల్ మీదికి మార్చి ఉంటే మందపు వైపు వెనక్కి ఉండాలి. దీన్ని తిరగేసి పెడితే ఉన్న కాస్త కేస్టర్ కూడా పోతుంది, వణుకు రెట్టింపవుతుంది. అల్యూమినియం షిమ్ముల కంటే ఉక్కువి మేలు. షిమ్ము వేసినకొద్దీ ముందు డిఫరెన్షియల్ మూతి కిందికి వాలి ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ల కోణం పెరుగుతుందనీ, ఎక్కువైతే ఫోర్‌వీల్‌లో వేరే వణుకు మొదలవుతుందనీ గుర్తుంచుకుని, రెండు మూడు డిగ్రీలతో ఆగడం మంచిది.

టో కొలవడానికి కూడా అదే కళ్లం చాలు. ముందు చక్రాన్ని ఎత్తి, తిప్పుతూ, టైరు మధ్య పట్టీ మీద సుద్దముక్క ఆనించి చుట్టూ తెల్ల పట్టీ గీయాలి. చక్రం తిరుగుతుండగానే, ఇటుక మీద కదలకుండా ఆనించిన మేకు మొనతో ఆ తెల్లదనం మధ్యలో సన్నని గీత లాగాలి. టైరు కొంచెం వంకరగా ఉన్నా ఈ గీత మాత్రం తిరుగుడు తలంలోనే ఉంటుంది. రెండు చక్రాలకూ ఇలా చేసి, కిందికి దింపి, బండిని రెండు మూడు గజాలు ముందుకు తోసి ఆపాలి. అప్పుడు హబ్బు ఎత్తులో టైర్ల ముందువైపు గీతల మధ్య దూరం, వెనకవైపు గీతల మధ్య దూరం కొలవాలి. ముందు దూరం సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువగా ఉంటే పెద్ద టైర్ల రిజిడ్ యాక్సిల్ బండికి సరిపోతుంది; మీ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్ని పాటించండి. ముందు దూరమే ఎక్కువగా ఉంటే చక్రాలు బయటికి చూస్తున్నట్టు, అది వణుకును పిలుస్తుంది. టై రాడ్ తిప్పి సరిచేశాక లాక్ నట్లు బిగించడం, టై రాడ్ ఎండ్ల రెండు కొసలూ ఒకే వాలులో ఉన్నాయో లేదో చూడడం మరవకూడదు.

ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న థార్లు

2010లో వచ్చిన థార్‌కూ, 2020లో వచ్చిన థార్‌కూ ముందు రిజిడ్ యాక్సిల్ లేదు; ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. కింగ్‌పిన్, ల్యాటరల్ రాడ్ గురించి చెప్పినది వాటికి వర్తించదు. స్పేసర్లతోనో టార్షన్ బార్లు బిగించో ఎత్తు పెంచినప్పుడు ఆర్ములు కిందికి వాలి టో, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) రెండూ మారతాయి కాబట్టి ఎలైన్‌మెంట్ తప్పనిసరి. ఆ తరవాత టైర్లు, కింది బాల్ జాయింట్లు, ఆర్ముల బుష్‌లు, టై రాడ్ ఎండ్లు ఇదే వరసలో చూస్తే చాలు.

డాంపర్ సంగతి

స్టీరింగ్ డాంపర్ రోడ్డు దెబ్బలను మెత్తబరచడానికి పెట్టిన భాగం. వదులును మోయడానికి కాదు. విప్పి చేత్తో పూర్తిగా లాగి నొక్కినప్పుడు రెండు వైపులా ఒకే బిగువు రావాలి. మధ్యలో కొంత దూరం ఏ బిగువూ లేకుండా జారినా, నూనె కారిన తడి ఉన్నా మార్చాలి. కానీ మార్చడం మిగతా పరీక్షలన్నీ ముగిశాకే జరగాలి, ఎందుకంటే ముందే కొత్తది వేస్తే అసలు వదులు ఎక్కడుందో చూపించే వణుకు కొన్నాళ్లు అణిగి ఉంటుంది, ఆ కొన్నాళ్లూ అరుగుదల పెరుగుతూనే ఉంటుంది. డాంపర్ విప్పి ఉంచిన బండిని కూడా రహదారి మీదికి తీసుకువెళ్లకూడదు; నిలబెట్టి చేసే పరీక్షల కోసమే దాన్ని విప్పడం.

సరిచేశాక

ఒకేసారి నాలుగు భాగాలు మార్చి నడిపితే ఏది పనిచేసిందో తెలియదు. వదులును ఒక్కోటిగా తీసేస్తూ, ప్రతిసారీ అదే రోడ్డు మీద, ముందు 40, తరవాత 50, 60 ఇలా పెంచుతూ నడిపి చూడాలి. వంతెన అతుకులను తక్కువ వేగంలో దాటి, నమ్మకం కుదిరాకే వేగం పెంచాలి. విప్పిన ప్రతి నట్టు మీదా పెయింటుతో నట్టు నుంచి ప్లేటు దాకా ఒక గీత గీసిపెట్టండి. వారం తరవాత కిందికి వంగి చూస్తే, గీత విరిగి పక్కకు జరిగిన నట్టు వెంటనే కనిపిస్తుంది. కొత్త షిమ్ములు, కొత్త కమాన్లు వేసినప్పుడు పట్టీలు ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి కాబట్టి, మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరవాత యూ బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచితో మళ్లీ బిగించి, టో ఇంకోసారి కొలవాలి.